పేరూ ముఖమూ దొరికితే చాలా?

మోపిదేవిలో నెలకోసారి, రెండో ఆదివారం, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలతో మేం కూర్చుంటాం. మగపిల్లల్ని కూడా పిలవాలని పట్టుబట్టింది నేనే. ఆడపిల్లలకి ఎన్ని హక్కులు చెప్పినా, పక్కింటి మగపిల్లాడికి ఏమీ చెప్పకపోతే చేసింది సగం పనే అని నా అభిప్రాయం.

ఆ వేళ మాట్లాడుకోవలసింది పోక్సో చట్టం గురించి. "మీలో ఎవరికైనా అన్యాయం జరిగితే ఏం చేస్తారు?" అని అడిగాను. అమ్మకి చెబుతాం, టీచరుకి చెబుతాం అన్నారు ఆడపిల్లలు. ఇంటరు చదివే ఒక అబ్బాయి లేచి, "ఎవరికీ చెప్పక్కర్లేదండీ, డెత్ నోట్ ఒకటుంటే చాలు" అన్నాడు. మగపిల్లలంతా గొల్లుమని నవ్వారు. ఆడపిల్లల్లో కూడా ముగ్గురు నలుగురు నవ్వారు. నవ్వనిది నేనొక్కదాన్నే. ఎందుకంటే నాకది ఏమిటో తెలీదు.

ఇంటికొచ్చి మా చెల్లెలి మనవణ్ణి అడిగాను. "అమ్మమ్మా, డెత్ నోట్ తెలీదా నీకు?" అని నా వంక జాలిగా చూశాడు. తర్వాత రెండు వారాలు రాత్రి భోజనాలయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని చూపించాడు. మాట జపానుది, కింద ఇంగ్లీషు అక్షరాలు, పక్కన వాడి తెలుగు వ్యాఖ్యానం. మొత్తం 37 భాగాలు.

ఇది చదువుతూ "హక్కుల పత్రికలో బొమ్మల సినిమాల గోలేమిటి?" అని మీరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ మనం ఏడాది పొడుగునా పెట్టే మీటింగుల కంటే ఎక్కువగా, నేరమంటే ఏమిటో శిక్ష అంటే ఏమిటో మన పిల్లలకి నేర్పుతున్నవి మూడున్నాయి. ఒకటి ఈ వీరుల కథలు. రెండోది సినిమాల్లో కోర్టు సీను. మూడోది పొద్దున లేచేసరికి ఫోన్లో పడే నేరవార్త. ఈ మూడూ వేరువేరు అనుకుంటాం. మూడూ కలిసి ఒకే పాఠం చెబుతున్నాయని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తోంది. ఆ పాఠం వల్ల ఒక పిల్ల నోరు ఎలా మూతపడిందో నేను కళ్ళారా చూశాను కాబట్టి రాస్తున్నాను.

ముందే ఒకమాట. జపాను బొమ్మలంటే నాకు కోపం లేదు. దూరదర్శన్‌లో జెయింట్ రోబో వచ్చే రోజుల్లో మా వీధిలో టీవీ ఉన్న ఒకే ఒక్క ఇంటి వరండాలో కిక్కిరిసి కూర్చున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. 1993లో జంగిల్ బుక్ వస్తే ఆదివారం పొద్దున పిల్లలు కదిలేవారు కాదు. అది జపానులో తయారైందని అప్పుడు మాలో ఎవరికీ తెలీదు. మొన్న 2025 జనవరిలో యూగో సాకో తీసిన రామాయణం తెలుగులో థియేటర్లకొచ్చింది. అదే ఏడు సెప్టెంబరులో డీమన్ స్లేయర్ సినిమా తెలుగు మాటలతో వస్తే మా మనవడు స్నేహితులతో కలిసి విజయవాడ వెళ్ళి చూసొచ్చాడు. ఇవి వద్దంటే మానే వయసు కాదు వాళ్ళది. వద్దనడం మన పని కూడా కాదు. పక్కన కూర్చుని చూడటం మన పని.

సరే, డెత్ నోట్ సంగతి. చదువులో మొదటి ర్యాంకు వచ్చే కుర్రాడు, పోలీసు అధికారి కొడుకు. వాడికొక నోటు పుస్తకం దొరుకుతుంది. అందులో ఎవరి పేరు రాస్తే వాళ్ళు చస్తారు. ఒకటే షరతు. రాసేటప్పుడు ఆ మనిషి ముఖం మనసులో ఉండాలి. అంటే పేరూ ముఖమూ రెండూ తెలియాలి. ఆ రెండూ వాడికి ఎక్కడ దొరుకుతాయి? టీవీ వార్తల్లో! పసిపిల్లల బడిలో పిల్లల్నీ టీచర్లనీ నిర్బంధించినవాడి పేరు, ఫొటో టీవీలో చూపిస్తారు. వీడు రాస్తాడు. వాడు చస్తాడు. రెండోసారి చచ్చేది రోడ్డు మీద ఒక అమ్మాయిని ఏడిపిస్తున్నవాడు. అక్కడ మనక్కూడా చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. నిజం చెప్పాలంటే నాకూ అనిపించింది.

కానీ ఆ అమ్మాయి ఏమైంది? ఇంటికెళ్ళి ఎవరికైనా చెప్పిందా? మర్నాడు ఆ దారిన నడవగలిగిందా? కథకి అక్కర్లేదు. ఆమె మళ్ళీ కనబడదు. ఆమెని ఏడిపించినవాడు చచ్చాడు కాబట్టి ఆమె పని అయిపోయింది.

పోనుపోను ఆ కుర్రాడు నేరస్తుల దగ్గర ఆగడు. తనని వెతుకుతున్న పోలీసుల్ని చంపుతాడు. ఒకప్పుడు పరిశోధకురాలిగా పనిచేసిన ఒక స్త్రీ నిజం దగ్గరిదాకా వస్తుంది. జాగ్రత్త తెలిసిన మనిషి కాబట్టి దొంగపేరు చెబుతుంది. వీడు తియ్యగా మాట్లాడి అసలు పేరు రాబట్టి ఆమెనీ చంపేస్తాడు. ఆ భాగం అయ్యాక మా మనవణ్ణి అడిగాను, "ఈవిడ చేసిన తప్పేమిట్రా?" అని. వాడు కాసేపు ఆగి, "ఏం లేదమ్మమ్మా, వాడికి అడ్డం వచ్చింది" అన్నాడు. కథ రాసినవాళ్ళు ఆ కుర్రాణ్ణి దేవుడని చెప్పలేదు. చివరికి వాడెంత నీచంగా దిగజారాడో చూపించారు. కానీ పిల్లల మనసులో మిగిలింది ఆ చివర కాదు. మొదటి రెండు చావులు, ఆ చప్పట్లు.

మన పిల్లల్ని అనడానికి మనకేం హక్కుంది? 2019 డిసెంబరు 6 పొద్దున మనమేం చేశాం?

హైదరాబాదు శివార్లలో పశువైద్యురాలి మీద అత్యాచారం చేసి, చంపి, తగలబెట్టిన దారుణం జరిగి అప్పటికి పదిరోజులు కాలేదు. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితుల్నీ పోలీసులు కాల్చి చంపారని వార్త వచ్చింది. అక్కడ జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఇక్కడ మా ఊళ్ళో మిఠాయిలు పంచుకున్నారు. నేను మిఠాయి తినలేదు కానీ, లోపల "అమ్మయ్య" అనుకున్నాను. ముప్ఫయ్యేళ్ళుగా స్త్రీల హక్కులని తిరుగుతున్న నేను, చట్టం, న్యాయం, విచారణ అని ఊరూరా చెప్పిన నేను, ఆ పొద్దున "అమ్మయ్య" అనుకున్నాను. దాచుకోను.

ఆ సాయంత్రమే నాకు బుద్ధి చెప్పినది ఒక పదిహేనేళ్ళ పిల్ల.

ఊరు చెప్పను. ఈ దివిసీమలోనే అనుకోండి. గుర్తుపట్టే వివరాలు మార్చాను. తనని అడిగే రాస్తున్నాను. ఆ పిల్లని పాడుచేసింది పరాయివాడు కాదు, సొంత బాబాయి. ఎన్నో నెలలు లోపల కుమిలి చివరికి తల్లికి చెప్పింది. తల్లి గుండెదిటవుగల మనిషి కాబట్టి కేసు పెట్టింది. మేం తోడు నిలబడ్డాం. పిల్ల మేజిస్ట్రేటు ముందు జరిగింది జరిగినట్టు చెప్పింది. సంక్రాంతి వెళ్ళాక కోర్టులో సాక్ష్యం చెప్పాలి.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళేసరికి టీవీలో అదే వార్త మళ్ళీ మళ్ళీ చూపిస్తున్నారు. పిల్ల నన్ను పెరట్లోకి లాక్కెళ్ళి అడిగింది: "పెద్దమ్మా, నేను సాక్ష్యం చెబితే బాబాయిని కూడా అట్లాగే కాల్చేస్తారా?"

నేను కాదన్నాను. అది వేరు, ఇది వేరన్నాను. కానీ అప్పటికే నాయనమ్మ చెప్పాల్సింది చెప్పేసింది: "నీ ఒక్క మాటతో నా కొడుకు ప్రాణం పోతుందే. వాడి పిల్లలకి నువ్వు సమాధానం చెప్పుకోవాలి." ఆ ఏడే ఆగస్టులో పోక్సో చట్టాన్ని సవరించి ఉరిశిక్ష కూడా చేర్చారు. అది తీవ్రమైన నేరాలకి ఉన్న శిక్షల్లో ఒకటి మాత్రమే. ఆ సంగతి ఇంట్లో ఎవరు వివరిస్తారు? "ఉరేస్తారట" అన్నమాట మాత్రం గడప దాటి వచ్చేసింది. జనవరిలో పిల్ల కోర్టు బోనెక్కి "నాకేం తెలీదు" అంది. కేసు కొట్టేశారు. బాబాయి ఆ వీధిలోనే ఉన్నాడు. ఊరు వదిలి వెళ్ళింది పిల్లే.

మిత్రులారా, ఆలోచించండి. ప్రతి ఏడూ జాతీయ నేర రికార్డుల బ్యూరో ఇచ్చే లెక్కల్లో, పిల్లల మీద అత్యాచారాల కేసుల్లో నిందితుల్లో అత్యధికులు ఆ పిల్లకి తెలిసినవాళ్ళే. చుట్టాలు, ఇరుగుపొరుగు, కుటుంబ స్నేహితులు. వీరుడు వచ్చి రాక్షసుణ్ణి చంపేసే కథ రాక్షసుడు బయటివాడైతే బాగుంటుంది. బాబాయి అయినప్పుడు ఆ కథ పిల్లకి చెప్పేదొక్కటే: నువ్వు నోరు విప్పితే ఒక మనిషి చస్తాడు, ఆ పాపం నీది. శిక్ష ఎంత పెద్దదైతే నేరం అంత తగ్గుతుందని మనం అనుకుంటాం. ఇంట్లో జరిగే నేరాల్లో శిక్ష ఎంత పెద్దదైతే పిల్ల నోటికి అంత పెద్ద తాళం పడుతుంది.

తర్వాత ఏమైందో కూడా గుర్తుచేసుకుందాం. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికొచ్చింది. నిందితులు ఆయుధాలు లాక్కుని కాల్చారన్న పోలీసుల మాట నమ్మదగింది కాదని, చంపాలనే కాల్చారని తేల్చింది. పదిమంది పోలీసుల మీద హత్యానేరం విచారణ జరపాలంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. పూలు చల్లినవాళ్ళలో ఎంతమంది ఆ నివేదిక చదివారు? ఆ నలుగురే నేరం చేశారో లేదో చెప్పగలిగిన విచారణ ఇక ఎప్పటికీ జరగదు. ఆ వైద్యురాలి తల్లిదండ్రులకి కూడా కోర్టు తీర్పు అనేది లేకుండా పోయింది.

"నిందితుడే దోషి అని అందరికీ తెలుసు కదా" అంటారు. మన ఉమ్మడి కృష్ణా జిల్లాలోనే జరిగింది చూడండి. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ చదివే విద్యార్థినిని చంపేశారు. ఒక పేద కుర్రాణ్ణి పట్టుకొచ్చి ఇతనే హంతకుడన్నారు. పేపర్ల నిండా అతని పేరు, ముఖం. 2010లో విజయవాడ మహిళా కోర్టు 14 ఏళ్ళ శిక్ష వేసింది. మొదటినుంచీ "ఇతను కాదు, అసలువాళ్ళు వేరే ఉన్నారు" అన్నది ఎవరు? చనిపోయిన అమ్మాయి తల్లి! 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషి అని విడుదల చేసింది. అప్పటికి ఎనిమిదేళ్ళు జైల్లో ఉన్నాడు. తర్వాత హైకోర్టే కేసుని సిబిఐకి అప్పగించింది. ఆ రోజుల్లో అతన్ని ఏ తోటలోనో కాల్చేసి ఉంటే మనం పూలు చల్లి ఉండేవాళ్ళం. కేసు మూసేసి ఉండేవాళ్ళు. ఆ తల్లి న్యాయం అడగడానికి చోటే ఉండేది కాదు.

డెత్ నోట్ పుట్టిన జపానులో సంగతేమిటి? అక్కడ 1966లో నలుగురున్న కుటుంబాన్ని చంపిన కేసులో ఇవావో హకమాదా అనే కార్మికుణ్ణి, మాజీ బాక్సర్ని పట్టుకున్నారు. రోజుల తరబడి ప్రశ్నించి ఒప్పించారు. పత్రికలు విచారణకి ముందే అతన్ని దోషిని చేశాయి. 1968లో మరణశిక్ష పడింది. అతని అక్క హిదేకో నమ్మలేదు. యాభై ఏళ్ళకు పైగా జైళ్ళ చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగింది. సాక్ష్యాలు అధికారులే కల్పించారని చెప్పి 2024 సెప్టెంబరు 26న షిజువోకా కోర్టు అతన్ని నిర్దోషిగా ప్రకటించింది. అప్పటికి అతనికి 88, ఆమెకి 91. నోటు పుస్తకం చేతిలో ఉన్న కుర్రాడికి హకమాదా పేరు టీవీలో కనబడి ఉంటే? రాసేవాడు కాదూ!

ఇబ్రహీంపట్నం కేసులో ఒక తల్లి, జపానులో ఒక అక్క. తీర్పుని నమ్మకుండా, పగనీ నమ్మకుండా నిజం కోసం ఏళ్ళ తరబడి తిరిగినవాళ్ళు వీళ్ళు. వీళ్ళ మీద ఎవరూ వీరుల సినిమా తియ్యరు. వీళ్ళకి ఎగరడం రాదు మరి.

ఇప్పుడు కోర్టు సినిమాల దగ్గరికి వద్దాం. "పింక్" 2016లో వచ్చింది. ముగ్గురు అమ్మాయిలు, వాళ్ళ తరఫున వాదించే ముసలి లాయరు. "వద్దు" అంటే వద్దనే అన్నమాటని దేశమంతా చర్చించేలా చేసింది. మంచి పని. అదే కథ 2021లో "వకీల్ సాబ్"గా మన దగ్గరికొచ్చేసరికి లాయరుగారికి ఫైట్లు వచ్చాయి, గతం వచ్చింది, ప్రేమకథ వచ్చింది. ముగ్గురు అమ్మాయిల కథ కాస్తా ఆయన కథ అయింది. జపాను వీరుడు రంగు బట్టలు వేసుకుంటాడు, మనవాడు నల్లకోటు వేసుకున్నాడు. అంతే తేడా.

2025 మార్చిలో వచ్చిన "కోర్ట్" సినిమా గురించి మన సంఘాల్లో రెండు రకాల మాటలు విన్నాను. పద్దెనిమిది నిండని అమ్మాయి, పందొమ్మిదేళ్ళ అబ్బాయి ఇష్టపడితే, పరువు పేరుతో అమ్మాయి ఇంటివాళ్ళు అబ్బాయి మీద పోక్సో కేసు పెట్టించడం కథ. అది నిజంగా జరుగుతున్నదే. 2012లో ఈ చట్టం అంగీకార వయసుని 16 నుంచి 18కి పెంచినప్పుడే చాలామంది స్త్రీవాదులు ఇలా అవుతుందని చెప్పారు. పేదపిల్లాడు జైల్లో మగ్గడాన్ని చూపించినందుకు ఆ సినిమాని మెచ్చుకుంటాను. కానీ సినిమా చూసొచ్చిన వాళ్ళు ఏం చెప్పుకున్నారు? మంగపతి గొంతు, లాయరు వాదన. అమ్మాయి ఏమనుకుంది, చదువు ఏమైంది, మంగపతి పెత్తనంతో నడిచే ఇంట్లో ఆమె ఎలా బతికిందన్నది మాట్లాడుకున్నవాళ్ళు నాకు కనబడలేదు. మా మీటింగులో ఒక తండ్రి "పోక్సో అంటే అన్నీ దొంగ కేసులే కదండీ, సినిమాలో చూశాంగా" అన్నాడు. ఒక సినిమా చెప్పిన ఒక నిజం, వంద ఇళ్ళలో ఇంకో నిజాన్ని కప్పెయ్యడానికి పనికొస్తోంది.

ఇంకో సంగతి. సినిమా కోర్టులో లాయరు కేకలేస్తాడు, బల్ల గుద్దుతాడు, సాక్షిని ఏడిపించి నిజం కక్కిస్తాడు. మన పిల్లలకి కోర్టంటే అదే. అందుకే అక్కడికి రావాలంటే వణుకు. పోక్సో చట్టంలో ఏముంది? 33వ సెక్షను ప్రకారం లాయర్లు పిల్లని నేరుగా ప్రశ్నించకూడదు. ప్రశ్నలు జడ్జికివ్వాలి, జడ్జి అడగాలి. దురుసుగా అడగకూడదు. నడత మీద మచ్చ వెయ్యకూడదు. మధ్యమధ్య విశ్రాంతి ఇవ్వాలి. తను నమ్మిన మనిషిని పక్కన ఉండనివ్వాలి. 36వ సెక్షను ప్రకారం నిందితుడు ఆమె కంట పడకూడదు. 37 ప్రకారం తలుపులు మూసి విచారించాలి. ఇవన్నీ అన్నిచోట్లా సరిగ్గా అమలవుతున్నాయని నేననను. కానీ ఇవి ఉన్నాయని కూడా మన పిల్లలకి తెలీదు. కేకలు లేని కోర్టుని ఏ సినిమా చూపించింది? జడ్జి మెల్లగా "మంచినీళ్ళు తాగుతావా అమ్మా?" అని అడిగే సీనుకి ఈలలు పడవుగా.

ఇక మూడోది, నేరవార్త. నోటు పుస్తకానికి పేరూ ముఖమూ కావాలని చెప్పాను. మన నేరవార్తకీ అవే కావాలి. తేడా ఏమిటంటే, ఇక్కడ చచ్చేది తరచుగా నేరం చేసినవాడు కాదు.

నేను చెప్పిన పిల్ల విషయంలో పేపరువాళ్ళు పేరు రాయలేదు. చట్టం తెలిసినవాళ్ళే. ఊరు రాశారు, వీధి రాశారు, తండ్రి చేసే పని రాశారు, పిల్ల చదివే క్లాసు రాశారు. ఆ ఊరి బడిలో ఆ క్లాసులో ఉన్న ఆడపిల్లలు ఆరుగురు! ఒకాయన కెమెరా పట్టుకొచ్చి ఇంటి గుమ్మం చూపించాడు. పిల్ల ముఖం మసక చేశాడు కానీ గుమ్మం పక్కన ఆమె సైకిలు స్పష్టంగా కనబడింది. ఆ సైకిలు ఊరందరికీ తెలుసు. ఆ మర్నాటినుంచి పిల్ల బడికి వెళ్ళలేదు.

ఇది నేరం. పోక్సో 23వ సెక్షను ప్రకారం పేరు ఒక్కటే కాదు, చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు, గుర్తుపట్టడానికి వీలిచ్చే ఏ వివరమూ బయట పెట్టకూడదు. శిక్ష ఆరునెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పెద్దవాళ్ళ విషయంలో పాత శిక్షాస్మృతి 228ఎ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయసంహిత 72వ సెక్షను ఉంది. చనిపోయిన బాధితురాలి పేరు కూడా బయట పెట్టకూడదని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏడాది తిరక్కుండానే ఆ పశువైద్యురాలి పేరూ ఫొటో దేశమంతా తిరిగాయి. ఎవరో కాదు, మనవాళ్ళు కూడా కొవ్వొత్తుల ఊరేగింపులో ఆ ఫొటో పట్టుకుని నడిచారు. ఇప్పుడైతే ప్రతి చేతిలో ఫోనుంది. "పాపం చూడండి" అంటూ పంపించేది కూడా పంపించడమే.

ఇలా రాస్తే జపాను బొమ్మల్లోంచి వచ్చేదంతా చెడే అన్నట్టుంది. కాదు. మా మనవడి చేతే నేను చూసిన ఇంకో సినిమా ఉంది. మామోరు హొసోడా 2021లో తీసిన "బెల్". నేను వాణ్ణి "చంపడం లేని కథేమైనా ఉందా?" అని అడిగితే వెతికి పెట్టాడు.

కొచ్చి అనే పల్లెటూళ్ళ ప్రాంతంలో ఏటిఒడ్డున ఉండే పిల్ల సుజు. చిన్నప్పుడు ఏరు పొంగితే, ఎవరి బిడ్డో వరదలో చిక్కుకుంటే, వాళ్ళమ్మ దిగి ఆ బిడ్డని కాపాడి తాను కొట్టుకుపోయింది. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన నేలకి ఆ సీను ఎవరూ వివరించక్కర్లేదు. నేను కళ్ళు తుడుచుకుంటుంటే మనవడు సినిమా ఆపాడు. ఆ తల్లిని పొగడకపోగా, "పరాయి బిడ్డ కోసం సొంత బిడ్డని దిక్కులేనిదాన్ని చేసింది" అని ముక్కూ మొహం తెలీనివాళ్ళు ఫోన్లలో తిడతారు. అప్పటినుంచి సుజు పాట ఆగిపోతుంది. పెద్దయ్యాక కంప్యూటరు లోకంలో వేరే ముఖంతో, వేరే పేరుతో పాడుతుంది. ఆ లోకంలో ధర్మరక్షకులమని చెప్పుకునే వీరుల ముఠా ఒకటుంది. వాళ్ళ ఆయుధం ఏమిటో తెలుసా? ఎదుటివాళ్ళ అసలు ముఖం బయటపెట్టడం. ఒక మృగాన్ని వాళ్ళు వెంటాడుతుంటారు. తీరా ఆ మృగం ఎవరు? తండ్రి చేత దెబ్బలు తింటూ తమ్ముణ్ణి కాపాడుకుంటున్న పధ్నాలుగేళ్ళ పిల్లాడు.

ఆ పిల్లాడికి ఎంతోమంది పెద్దలు "సాయం చేస్తాం" అని మాటిచ్చి వెళ్ళిపోయారు. ఇక ఎవర్నీ నమ్మడు. సుజు అతన్ని నమ్మించడానికి ఏం చేస్తుంది? అతని ముఖం లాగదు. తన ముఖమే తాను బయట పెట్టుకుంటుంది. శిశుసంక్షేమ అధికారులకి ఫోను చేస్తే 48 గంటల నిబంధన అంటారు. సుజు తల్లితో కలిసి పాడిన ఆ ఊరి ఆడవాళ్ళు, అచ్చం మన సంఘంలాంటి వాళ్ళు, ఆమెని స్టేషనులో దింపుతారు. ఆమె బస్సెక్కి, రైలెక్కి వెళ్ళి, ఆ పిల్లల్ని వెనక పెట్టుకుని తండ్రి ఎదుట నిలబడుతుంది. కొట్టదు. చంపదు. నిలబడుతుంది.

దీనితో నాకు పేచీ ఉంది. అలాంటి తండ్రులు చూపుకి భయపడి వెనక్కి తగ్గరని మనకి తెలుసు. పిల్లని ఒంటరిగా పంపకూడదు, మనలాంటి వాళ్ళు నలుగురు వెంట వెళ్ళాలి. అయినా ఆ సినిమా అసలు సంగతి పట్టుకుంది. ముఖం చూపించాలా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టం. లాగేసే హక్కు వీరుడికీ లేదు, పేపరుకీ లేదు.

ఇది కథే కాదు. జపానులో షియోరి ఇతో అనే పాత్రికేయురాలు తన మీద 2015లో జరిగిన అత్యాచారం కేసుని ప్రాసిక్యూటర్లు మూసేస్తే, 2017 మే నెలలో తన ముఖంతో, తన పేరుతో ప్రజల ముందుకొచ్చింది. బూతులు, బెదిరింపులు పడింది. సివిలు దావా వేసి 2019 డిసెంబరు 18న గెలిచింది. తేదీ చూడండి. చటాన్‌పల్లికి సరిగ్గా 12 రోజుల తర్వాత! తనని అవమానిస్తూ బొమ్మలు గీసిన కార్టూనిస్టు మీద కూడా దావా వేసి 2021లో గెలిచింది. ఆమెలాంటి వాళ్ళ పోరాటంతోనే 2023లో జపాను చట్టం మారింది. అంగీకారం లేకపోవడమే నేరమన్న మాట చట్టంలోకి వచ్చింది. అంగీకార వయసు 13 నుంచి 16 అయింది. ఒక్క తుపాకీ పేలలేదు. కానీ ఎనిమిదేళ్ళు పట్టింది.

ఆ ఎనిమిదేళ్ళని భరించే ఓపిక మనకుందా? మన శాసనసభ 2019 డిసెంబరులో 21 రోజుల్లో తీర్పు అంటూ దిశ బిల్లు పాస్ చేసింది. అది చట్టం కాలేదు. అయినా పోక్సోలో గడువు ముందునుంచే ఉంది. పిల్ల సాక్ష్యం 30 రోజుల్లో, విచారణ ఏడాదిలో పూర్తి చెయ్యాలని 35వ సెక్షను చెబుతుంది. కొత్త గడువులు కాదు కావలసింది, ఉన్న గడువుకి సరిపడా కోర్టులు, జడ్జిలు, పిల్ల వెంట నడిచే మనుషులు.

అందుకని నా అభిప్రాయం ఇది. మనం "ఉరి తియ్యాలి" అనే నినాదం మానేద్దాం. ఆ మాట ఏ పెరట్లో ఏ పిల్ల నోరు మూస్తుందో మనకి తెలీదు. 2020 పోక్సో నియమాల ప్రకారం శిశుసంక్షేమ కమిటీ ప్రతి పిల్లకీ తోడుమనిషిని ఇవ్వవచ్చు. ఆ పనికి మన సంఘాల్లోంచి పేర్లిద్దాం. శిక్షణ అడుగుదాం. నేరవార్తల్లో పిల్లని పట్టించే వివరం కనబడిన ప్రతిసారీ కత్తిరించి, తేదీ వేసి, సంపాదకుడికి పంపుదాం. వినకపోతే ఫిర్యాదు చేద్దాం. కోర్టు ఎలా ఉంటుందో పిల్లలకి ముందే చూపించమని న్యాయసేవాధికార సంస్థని అడుగుదాం. మన పిల్లలు చూసే బొమ్మల్ని తిట్టకుండా వాళ్ళ పక్కన కూర్చుందాం. ఒక్క ప్రశ్న అడుగుదాం: "ఆ అమ్మాయి తర్వాత ఏమైందిరా?"

కిందటి నెల మీటింగులో ఆ ప్రశ్నే అడిగాను. డెత్ నోట్ అన్న అబ్బాయి తల గోక్కుని, "చూపించలేదండీ" అన్నాడు. "అయితే నువ్వు చెప్పు" అన్నాను. చాలాసేపు ఆలోచించి, "వాళ్ళమ్మకి చెప్పుంటదండీ... వాళ్ళమ్మ తిట్టుంటది" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక వరసలోంచి ఒకమ్మాయి, "తిట్టకుండా ఏం చెయ్యాలో అది చెప్పండి" అంది. రెండు గంటలు దాని మీదే మాట్లాడుకున్నాం.

ఊరు వదిలిన పిల్ల ఇప్పుడు ఇరవై దాటి ఎక్కడో ఉద్యోగం చేసుకుంటోంది. ఇది రాస్తానని చెప్పినప్పుడు, "రాయి పెద్దమ్మా. నా పేరు మాత్రం వద్దు" అంది. కాసేపాగి, "ఎప్పుడైనా నేనే రాసుకుంటాను" అంది. రాసేదాకా ఆ పేరు నా దగ్గర భద్రంగా ఉంటుంది.